మిరపకాయల ఓడ

"అక్కా, ఇంక నేను రాను," అంది మా చెల్లి.

ఆటో మార్టూరు దగ్గర రాళ్లు పాలిష్ పట్టే షెడ్ల పక్కనుంచి వెళ్తోంది. ఆ మిషన్ల రొదలో సరిగ్గా వినపడలేదనుకుని "ఎక్కడికే?" అన్నాను. చీరాలలో డయాలసిస్ చేయించుకుని ఇంటికి తిరిగొస్తున్నాం. వారానికి మూడుసార్లు అదే ఆటో, అదే దారి. కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయి దానికి. ఒంట్లో చేరిన నీళ్లనీ చెడునీ ఆ మిషనే లాగెయ్యాలి. అది మానేస్తే ఏమవుతుందో డాక్టరు గారు మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని దాపరికం లేకుండా చెప్పారు.

"ఎక్కడికేంటి, ఆ మిషన్ దగ్గరికే. విసుగొచ్చేసింది. ఎన్నాళ్లో అన్నాళ్లే ఉంటా."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి మా ఊరంతటికీ తెలుసు, ఆటో అబ్బాయికి ఇంకా బాగా తెలుసు. "పిచ్చి వాగుడు వాగావంటే ఇక్కడే ఆటోలోంచి కిందకి తోసేస్తా," అని అరిచాను.

"తొయ్యి. అదీ ఒక దారేగా," అంది. నవ్వింది కూడా. అది ఏడుస్తూ అని ఉంటే ఓదార్చేదాన్ని. నవ్వుతూ అన్నదంటే మనసులో ఎప్పుడో తేల్చేసుకుందన్నమాటే. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను, అదొక మొండిఘటం.

దానికి నొప్పుల బాధకన్నా దాహం బాధ ఎక్కువ. రోజుకి ఇన్ని నీళ్లే తాగాలని లెక్క. ఎండలు ముదురుతున్న రోజులు, కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసుకునే రోజులు. మా ప్రాంతపు ఎండ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. "ఒక్క చెంబు నీళ్లు ఎత్తి గటగటా తాగి పడుకుంటే చాలక్కా, ఆనక ఏమైపోయినా పర్లేదు," అనేది. అది అలా అన్న రోజు నేను మా ఇంటికి వెళ్లి కూడా నీళ్లు తాగలేకపోయేదాన్ని.

మా ఇద్దరినీ ఒకే ఊళ్లో ఇచ్చారు. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య రెండు సందులు. మా మరిది మిరప, పత్తి వేస్తాడు. బంగారంలాంటి మనిషి, కానీ నోట్లో మాట లేదు. పెళ్లాం మానేస్తానంటే ఆ మనిషి గుమ్మంలో నిలబడి కండువాతో మొహం తుడుచుకోవడం తప్ప ఏం చెయ్యగలడు? ఇది నా మీదే పడుతుందని ఆ రోజు ఆటో దిగుతున్నప్పుడే నాకు అర్థమైంది. దాన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి. ఎలాగన్నా కూర్చోబెట్టాలి. తిట్టడం వల్ల కాదు, బతిమాలడం వల్ల అసలే కాదు.

మేం వేటపాలెం పక్క పల్లెలో పెరిగాం. మా అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు వలిచే పనికి వెళ్లేది. మా నాన్న చీరాల వెళ్లినప్పుడల్లా అద్దెకిచ్చే కొట్లోంచి నవలలు తెచ్చేవాడు. నాన్నకి ఒకటే రుచి. మునిగిపోయిన ఓడలు, ఆ ఓడల అడుగున రాగిరేకులు, రేకుల మీద ఎవరికీ అంతుపట్టని రాతలు, వాటికోసం ఒకళ్లనొకళ్లు పొడుచుకునే జనం, సరిగ్గా పెట్టె తెరిచే వేళకి తుఫాను. అట్ట మీద ఎనిమిది చేతుల జంతువు ఒకటి తప్పనిసరిగా ఉండాలి. నేను పైకి చదివేదాన్ని, అది నోరు తెరుచుకుని వినేది. సముద్రం మాకు కూతవేటు దూరమే అయినా, ఆడపిల్లలం కదా, కార్తీక పౌర్ణమికి వాడరేవులో మోకాలి లోతున స్నానం చెయ్యడమే మాకు తెలిసిన సముద్రం. మిగతాదంతా ఆ పుస్తకాల్లోదే.

ఆ పుస్తకాలు గొప్పవని నేననను. కాలేజీలో చేరాక వాటి పేరెత్తడానికి సిగ్గుపడ్డాను కూడా. కానీ వాటికి ఒక విద్య తెలుసు. పట్టుకున్న మనిషిని వదలవు. అన్నం తినమని అమ్మ అరుస్తున్నా, దీపం ఆర్పమని నాన్న కసురుతున్నా, తర్వాత ఏమైందో తెలిసేదాకా ప్రాణం కొట్టుకుంటుంది. మా చెల్లిని కట్టిపడెయ్యడానికి నా దగ్గర ఇంకేముంది గనక? ఆ విద్య ఒక్కటే ఉంది.

"ఈ ఒక్కసారికి రా. నీకో ఓడ కథ చెప్తా," అన్నాను.

"నేనేమన్నా పసిపిల్లనా?"

"కాదు, గాడిదవి. ఎక్కు ఆటో."

ఎక్కింది. నామీద జాలితో ఎక్కిందని నాకు తెలుసు. పర్లేదనుకున్నాను.

కుర్చీలో వెనక్కి వాల్చి, చేతికి సూదులు గుచ్చి, మిషన్ తిప్పారు. నేను స్టూలు దగ్గరకి లాక్కున్నాను. ఆ గదిలో వరసగా కుర్చీలు, ఒక్కో కుర్చీలో ఒక్కో మనిషి, ఎవరి మిషన్ వాళ్లకి కూస్తూ ఉంటుంది. నేను గొంతు తగ్గించి మొదలుపెట్టాను. తగ్గించాననే అనుకున్నాను. నా గొంతు తగ్గడమంటే మా ఊళ్లో పక్కవీధికి వినపడకపోవడం, అంతే.

సముద్రం అడుగున బురదలో ఒక ఓడ. ఈ రోజుల్లో, వాడరేవు జాలర్ల పిల్ల ఒకతి, చదువుకుని సముద్రం లోపలికి దిగే పని నేర్చుకున్న పిల్ల, దాన్ని కనిపెట్టింది. కాకతీయుల కాలం నాటి ఓడ. చెక్కు చెదరలేదు. సామాను ఎక్కడిదక్కడే ఉంది. పొయ్యి మీద కుండ పొయ్యి మీదే ఉంది. నగలపెట్టె మూత కూడా ఎవరూ తియ్యలేదు. కానీ మనిషన్నవాడు లేడు. ఒక్క ఎముక ముక్క కూడా లేదు. బంగారాన్ని వదిలేసి, వండుకున్న అన్నాన్ని వదిలేసి, అంతమందీ నడిసముద్రంలో దూకేశారు. ఓడకి చిల్లు పడలేదు, దొంగలు పడలేదు. మనుషులు లేని ఓడ గాలికి కొట్టుకుపోయి, తర్వాతెప్పుడో మునిగింది.

"ఎందుకు దూకారు?" అంది మా చెల్లి.

అప్పుడే సిస్టర్ వచ్చి సూదులు తియ్యడం మొదలుపెట్టింది. "మిగతాది ఎల్లుండి," అన్నాను.

"ఇప్పుడు చెప్పి చావు!"

"ఎల్లుండి. ఈ కుర్చీలోనే. ఇంటి దగ్గర అడిగావంటే ఒక్క ముక్క చెప్పను."

అన్నట్టే చెప్పలేదు. అది ఫోన్ చేసి గోల పెట్టింది. మా ఇంటికొచ్చి కాసేపు మంచిగా మాట్లాడి, పప్పు బాగుందని పొగిడి, మెల్లగా ఓడలోకి దిగబోయింది. చివరికి మొగుణ్ణి పంపింది. నోట్లో మాట లేని మా మరిది మా కళ్లంలోకి వచ్చి, చేతులు నలుపుకుంటూ, "వదినా, ఆ ఓడలో జనం ఎందుకు దూకారో నాకన్నా చెప్పు, దాని సతాయింపు పడలేకపోతన్నా," అన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. చెప్పలేదు. నిజానికి ఎందుకు దూకారో అప్పటికి నాకూ తెలియదు!

రోజూ అదే ఆలోచన. పెద్ద ఓడని నడిసముద్రంలో ఖాళీ చేశాను, సరే, ఏం పెట్టి ఖాళీ చెయ్యను? దయ్యాలా? మా చెల్లి నమ్మదు. రోగమా? ఆసుపత్రిలో కూర్చున్న మనిషికి రోగం కథ చెప్తానా? మా కళ్లంలో మిరపకాయలు తిరగేస్తూ కూలీలతో పాటు నేనూ తుమ్ముతుంటే అప్పుడు తట్టింది. మా ఊళ్లో ఒక ఏడు మిరపకాయల బస్తాలున్న షెడ్డు అంటుకుంది. మంటకన్నా ముందు ఘాటు వచ్చింది. ఊరు ఊరంతా గేదెల్ని గాలికొదిలేసి, దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ పొలాలకి అడ్డంపడి పరిగెత్తింది. ఊరు కాబట్టి పొలాల్లోకి పరిగెత్తాం. అదే ఓడైతే? నేను చేటలో మిరపకాయలు చేటలోనే వదిలేసి గట్టిగా చప్పట్లు కొట్టాను. పక్కనున్న కూలీలు నాకేదో అయిందనుకున్నారు.

దొరికిందిలే అని గబగబా చెప్పెయ్యలేదు. ముందు పైన తుఫాను రప్పించాను. ఆ పిల్ల వచ్చిన బోటు ముక్కలైంది. ఒక చెక్క పట్టుకుని పిల్ల నీళ్లమీద తేలుతోంది, చుట్టూ ఎటు చూసినా నీళ్లు, తాగడానికి గుక్కెడు లేవు. "నాలుక పిడచకట్టుకుపోయింది," అని చెప్పుకుపోతున్నాను.

"అట్టా ఉండదు," అంది మా చెల్లి.

"ఏది?"

"దాహం. నాలుకలో ఉండదక్కా. కళ్లలో ఉండిద్ది. ఎవరు గ్లాసు ఎత్తినా నా కళ్లు ఆ గ్లాసు వెంటే పోతాయి. బకెట్లో పంపునీళ్లు పడతన్న చప్పుడుకే ఏడుపొచ్చిద్ది. నీ పిల్ల అరవదు, మూలగదు. ఊరికే చూస్తా ఉండిద్ది నీళ్ల వంక. అట్టా చెప్పు."

ఇన్నాళ్లూ పక్కనే ఉండి నేను దాని దాహం గురించి ఏం తెలుసుకున్నాను? ఏమీ లేదు. ఆ రోజునుంచీ చెక్క మీద పిల్ల ఏం చేస్తుందో అదే చెప్పేది, నేను ఓడ సంగతి చూసుకునేదాన్ని. ఆటో వచ్చేసరికి అదే చెప్పులేసుకుని అరుగు మీద కూర్చుని ఉండేది. మానేస్తానన్న మాట దాని నోట మళ్లీ రాలేదు. నేను లోపల్లోపల మురిసిపోయాను.

అసలు గుట్టు విప్పిన రోజు నా జన్మలో మర్చిపోను. చెక్క మీద ఉండగానే పిల్లకి అంతా అర్థమైంది. తుఫానుకి ముందు ఓడలోకి దిగినప్పుడు కింది అరలో నల్లగా కాలిన మరకలు చూసింది కదా, మూతకి మైనం పెట్టిన జాడీలో చిన్న చిన్న పసుపురంగు గింజలు చూసింది కదా. మిరపగింజలు! ఓడ నిండా ఎండుమిరపకాయలు. కింద ఎక్కడో నిప్పు రాజుకుంది. మంట లేదు, పొగ. ఘాటు. ఊపిరాడక, కళ్లు కనపడక, బంగారమూ వద్దు ఏమీ వద్దు అని జనం దూకేశారు!

"అమ్మ బాబోయ్," అంది సిస్టర్. చూస్తే సిస్టర్ పని మానేసి నిలబడి వింటోంది. అటుపక్క కుర్చీలో ఇంకొల్లు వైపునుంచి వచ్చే పెద్దాయన, మిరప వేసిన రైతే, "అంతే మరి! దూకక చస్తారా!" అని తొడ మీద చరిచాడు. గది గదంతా మొదటినుంచీ వింటోందని నాకు అప్పుడే తెలిసింది. మా చెల్లి మొహం వెలిగిపోయింది, తనే కట్టిన కథయినట్టు అందరివంకా చూసింది.

అప్పుడు ఇటుపక్క కుర్చీలో ఆయన కళ్లు తెరిచారు. రిటైరైన కాలేజీ లెక్చరర్ గారు, చరిత్ర చెప్పేవారు. ఎప్పుడూ కళ్లు మూసుకునే ఉంటారు, నిద్రపోతున్నారనుకునేదాన్ని.

"అమ్మా, మధ్యలో వస్తున్నానని ఏమనుకోకండి. ఆ ఓడ కాకతీయుల నాటిదన్నారు కదండీ?"

"అవునండి."

"ఆ రోజుల్లో మిరపకాయ లేదండి."

"ఎక్కడ లేదండి?"

"మన దేశంలోనే లేదు. పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెచ్చారు. దరిదాపు ఐదు వందల ఏళ్ల కిందటి మాట. కాకతీయులు అప్పటికే పోయారండి."

పెద్దాయన కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. "ఏందీ? మిరపకాయ లేదా? మరేం తిన్నారయ్యా, మట్టా?"

"మిరియాలండి."

"గోంగూర పచ్చట్లో మిరియాలా? థూ!"

"మరి దిష్టి ఎట్టా తీసేవాళ్లు సార్?" అంది సిస్టర్.

"ఉప్పుతో తీసుంటారమ్మా."

"నేనొప్పుకోను," అన్నాడు పెద్దాయన. "మా తాత వేశాడు మిరప. ఆయన తాత వేశాడు."

"నేను చెప్పేది ఆ తాతగారికి కూడా చాలా అవతలి సంగతండి," అన్నారు లెక్చరర్ గారు, ఎంతో మర్యాదగా.

ఇంకో ప్రాంతం వాళ్లు ఈ పొరపాటు చేస్తారో లేదో నాకు తెలియదు. మేం మాత్రం చెయ్యక మానం. మాకు మిరప మట్టితో పాటే పుట్టింది. అది ఒక రోజున ఓడ దిగి వచ్చిందంటే, మా అమ్మమ్మ మా ఇంటి మనిషే కాదన్నట్టుంటుంది. నేను చదివిన తరగతులకి, పుస్తకాలకి, ఈపాటి తెలియకపోవడం తలవంపులే. కానీ అప్పుడు నాకు సిగ్గు వెయ్యలేదు. భయం వేసింది. ఎందుకంటే మా చెల్లి ఇంక నా వంక చూడటం లేదు.

ఆటో ఎక్కాక అంది: "అంటే అసలు ఓడే లేదన్నమాట."

"కథేగా," అన్నాను. ఆ మాట ఎందుకన్నానో!

"కథేగా అంటావా? నేను దాన్ని పట్టుకుని వస్తన్నా," అంది.

తర్వాతి సారి ఆటో వాళ్లింటి ముందు హారన్ కొడుతూనే ఉంది. అది మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. తిట్టాను. చెయ్యి పట్టి లాగాను. మా మరిది గుమ్మంలో నిలబడి కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చేసేదిలేక మంచం పక్కన నేల మీద కూలబడి, ఎన్నడూ ఇంటి దగ్గర చెప్పనిదాన్ని, చెప్పడం మొదలుపెట్టాను. "పోనీ మిరియాల ఓడే. మిరియాలకి నిప్పంటుకుంది..."

"మిరియాల పొగకి ఓడలోంచి దూకుతారా ఎవరన్నా? తుమ్మి ఊరుకుంటారు," అంది గోడకే.

"పత్తి. పత్తి బేళ్లు అంటుకున్నాయి. పత్తి మన దగ్గర ఎప్పటినుంచో ఉంది, నేను కనుక్కున్నాలే."

"పత్తి అంటుకుంటే ఓడ కూడా కాలిపోద్ది. నీ ఓడ కాలలేదుగా. వెళ్లక్కా. నన్ను పడుకోనీ."

ఆటో ఖాళీగా వెళ్లిపోయింది. నేను ఇంటికెళ్లి, గిన్నెలన్నీ ఎత్తి కుదేశాను. మా ఇంటాయన నా దారికి అడ్డం రాకుండా పొలం వెళ్లిపోయాడు. సాయంత్రానికి దాని మొహం ఉబ్బిందని, వెల్లకిలా పడుకోలేక కూర్చునే ఉందని మరిది వచ్చి చెప్పాడు. ఆసుపత్రికి రమ్మంటే ససేమిరా అందట. పొద్దున్నే ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని అయినా ఎక్కించాలి అనుకున్నాం. ఎంత తన్నుకున్నా సరే, ఎత్తుకునైనా తీసుకుపోతాను తప్ప వదిలిపెట్టనని నిశ్చయించుకున్నాను. నా చెల్లి అది. దాని ఇష్టాయిష్టాలతో నాకు పని లేదనుకున్నాను.

తెల్లవారి పాలు పొయ్యి మీద పెట్టి, పొంగు వస్తుండగా ఫోన్ మోగింది.

"అక్కా." ఊపిరి అందడం లేదు. ఒక్కో మాటకీ ఆగుతోంది. "అది... మొదటి ఓడ."

"ఏ ఓడే? ఎట్టా ఉంది నీకు?"

"మిరపకాయలు... మన దేశానికి మొట్టమొదట తెచ్చిన ఓడ... అదే. కాకతీయులది కాదు. నువ్వు తప్పు చెప్పావు... ఓడ తప్పు కాదు. ఆ ఓడలోవాళ్లకీ తెలీదక్కా అదేందో. ఎర్రగా ఉందని... వంటవాడు ఇంత తీసి పొయ్యిలో వేశాడు."

పాలు పొంగి పొయ్యంతా పడ్డాయి. నేను కదల్లేదు.

"అందుకే దూకారు. తెలిసుంటే నిప్పు ఆర్పేవాళ్లు... తెలీదు కాబట్టి భూతమనుకున్నారు. ఆటో పిలువక్కా. ఆ సారుకి నేనే చెప్పాలి."

ఆ రోజు దాని వంతు కాదు, లెక్చరర్ గారి వంతూ కాదు. డాక్టరు గారు మమ్మల్నిద్దరినీ కడిగి పారేసి, వెంటనే కుర్చీ ఇప్పించి, ముక్కుకి ఆక్సిజన్ పెట్టించారు. చుట్టూ ఎవరో కొత్తవాళ్లు. మిగతాది నాకు చెప్పమంటే చెప్పదు, మాస్క్ పెట్టుకునే తల అడ్డంగా ఊపింది. సారుకి చెప్పేదాకా నోట్లోనే దాచుకుంది. మామూలుగా వెళ్లే రోజు వచ్చేసరికి లెక్చరర్ గారు ఇంకా సర్దుకుని కూర్చోకముందే మొదలుపెట్టేసింది. మొదటి ఓడ, ఏమీ తెలియని జనం, వంటవాడు, పొగ. "ఇంకోటి సార్. మైనం పెట్టిన జాడీలు రెండు. ఒకటి ఓడలో ఉండిపోయింది, ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. మన వైపు ఎవరో ఆడమనిషికి దొరికింది. గింజలేగా, చూద్దామని పెరట్లో వేసింది. మొలిచిన కాయ కొరికి చూసి ఊరంతా వినపడేలా అరిచుండిద్ది. అయినా పీకి పారెయ్యలేదు."

లెక్చరర్ గారు చాలాసేపు ఆలోచించారు. ఆయన నోటివంకే అందరం చూస్తున్నాం. "ఇట్టా జరిగిందని ఎక్కడా ఆధారం లేదమ్మా," అన్నారు. "జరగలేదని మాత్రం నేను చెప్పలేను."

"అదీ! అట్టా చెప్పవయ్యా!" అన్నాడు పెద్దాయన. మిరపకాయ తన సొంతం అయిపోయినట్టు కుర్చీలో వెనక్కి వాలాడు.

కథ ఒడ్డుకి వచ్చేసింది, ఇంక సాగదియ్యడానికి ఏమీ లేదు. చెక్క మీద పిల్లని ఒక పడవవాళ్లు చూశారు. ఇసుకలోకి తెచ్చి పడుకోబెట్టారు. ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చారు. నేను గబగబా ముగించబోయాను. ఆ గదిలో, వాళ్లందరి ముందు, నీళ్ల మాట ఎత్తడానికే నాకు నోరు రాలేదు.

"ఆగు," అంది మా చెల్లి. "నీళ్లు తాగడం నిదానంగా చెప్పు."

"వద్దులేవే."

"చెప్పమంటే చెప్పు. అంతా. మొదటి గుక్క నుంచి."

చెప్పాను. చెంబు బయట చెమ్మ పట్టి ఉండటం చెప్పాను. రెండు చేతులా పట్టుకోవడం, పెదవికి తగిలిన చల్లదనం, మొదటి గుక్క గొంతులోనే ఇంకిపోవడం చెప్పాను. రెండో గుక్క గుండెల మీదుగా జారడం చెప్పాను. గడ్డం మీదనుంచి కారి మెడ తడిసినా తుడుచుకోకపోవడం చెప్పాను. ఎవరూ ఇంక చాలు అనకపోవడం, చెంబు ఖాళీ అయితే ఇంకో చెంబు తేవడం, అదీ తాగడం. లెక్చరర్ గారు కళ్లు మూసుకున్నారు. పెద్దాయన గుటక వెయ్యడం నాకు వినపడింది. మా చెల్లి చెంపల మీదుగా నీళ్లు కారుతున్నాయి, అయినా నా నోటివంకే చూస్తోంది. చివరి గుక్క దాకా ఆపకుండా చెప్పాను.

ఇంటికొచ్చాక భయం పట్టుకుంది. కథ అయిపోయింది. దాన్ని కుర్చీకి కట్టిపడేసిన తాడు నా చేత్తో నేనే విప్పేశాను. కొత్త ఓడ కోసం ఎంత వెతుక్కున్నా బుర్రలో ఒక్కటీ తేలలేదు. వెళ్లాల్సిన రోజు పొద్దున జడైనా సరిగ్గా వేసుకోకుండా, వాళ్లింటికి వెళ్లి ఏమని తిట్టాలా, ఏమని బతిమాలాలా అనుకుంటూ గుమ్మం దాటాను. ఆటో మా ఇంటి ముందే ఆగి ఉంది. అందులో అది కూర్చుని ఉంది.

"ఎంతసేపు? ఎక్కు," అంది.

ఎక్కాను. ఊరు దాటాం. పత్తి కట్టె పీకేసిన చేలు, ఎర్రటి కళ్లాలు వెనక్కి పోతున్నాయి.

"నీ దగ్గర కథ లేదు కదూ ఇవాళ?" అంది.

"లేదే."

"నీ మొహం చూస్తే తెలీదా? ఈసారి నేను చెప్తా. నువ్వు మధ్యలో మాట్లాడమాక. ఓడ మునగడంతో మొదలెడతా. నీలాగా నాన్చను. మునిగిపోయింది, అయిపోయింది. ఆనక ఏం చేశారనేదే నా కథ."

నేను చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆగలేదు. ఆటో అబ్బాయి అద్దంలోంచి చూసి బండి నెమ్మది చేశాడు.

"ఏడవమాక. ఇంకా మొదలే పెట్టలా," అని నా మోచేతి మీద ఒకటి కొట్టింది. "పెద్ద కథక్కా. చెప్పడానికి ఏళ్లు పట్టుద్ది."